ఇంట్లో మీరేం వింటరు సార్?

వాయించడం మానేసి, కీబోర్డును స్టాండుతో సహా అటక మీద పెట్టేసినా ఒక ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. కొత్తగా ఆర్కెస్ట్రాల్లో చేరుతున్న పిల్లలు కొత్తపేటలో మా ఇంటికి వస్తుంటారు. చాప మీద కూర్చుంటారు, మా ఆవిడ పద్మ ఇచ్చిన టీ తాగుతారు, కాసేపు అదీ ఇదీ మాట్లాడి చివరికి అడుగుతారు: "సార్, ఇంట్లో మీరేం వింటరు?"

అడిగేటప్పుడు వాళ్ల మొహాల్లో ఒక భక్తి కనిపిస్తుంది. నేను పొద్దున్నే లేచి, తంబురా శ్రుతి పెట్టుకుని, కళ్లు మూసుకుని ఏదో గంభీరమైన రాగం వింటానని వాళ్ల ఊహ. పాపం! సరిగ్గా వాళ్లు అడిగే సమయానికి మా టీవీలో ఇద్దరు బలిసిన కుస్తీ మల్లులు ఒకరినొకరు ఎత్తి బల్ల మీద పడేసుకుంటుంటారు. నేను ఒక కన్ను అటు వేసే జవాబు చెబుతుంటాను.

ఆ జవాబు ఒకసారి రాసి పెడితే నాకు రోజూ చెప్పే బాధ తప్పుతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లలో కీబోర్డు వాయించి బతికినవాణ్ని. ఆదివారాలు మీర్‌పేట్‌లో ఒక చర్చిలో వాయించేవాణ్ని. వేళ్లు నాకంటే చురుగ్గా ఆడేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, ఒప్పుకుంటాను. చెవుల సంగతి వస్తే మాత్రం ఎవరికీ తగ్గను. ఆ చెవులకు నేను ఏం తిండి పెట్టానో చెబుతాను.

ఏది పడితే అది

మలక్‌పేటలో మేము మొదట కిరాయికి ఉన్న ఇంటి కింద ఒక దర్జీ దుకాణం ఉండేది. మిషను ఆగినా అక్కడ కవ్వాలీ ఆగేది కాదు. మాటలు సగం అర్థమయ్యేవి, సగం కాదు. కానీ ఒక్క సంగతి పట్టేశాను. కవ్వాలీ పాడేవాడు ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ తిప్పుతాడు. జనంలో ఎక్కడో ఒక చెయ్యి పైకి లేచేదాకా తిప్పుతాడు. లేచిందంటే, ఇక ఆ మనిషి కోసమే పాడతాడు. నేను స్టేజీ మీద తల దించుకుని వాయించడం మానేసింది అది గమనించాకే.

దయ్యాల సినిమాలంటే నాకు ప్రాణం. పద్మకు గిట్టవు. "గా దయ్యాలను ఇంట్లకెందుకు తెస్తరు, ఉన్న కిరికిరి చాలదా?" అంటుంది. తలుపు తెరుచుకునే ముందు వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి చూడండి, అసలు భయం అక్కడ పుడుతుంది. కీబోర్డు మీంచి ఎక్కడ చేతులు తీసెయ్యాలో నాకు ఏ గురువూ చెప్పలేదు. ఆ దయ్యాలే చెప్పాయి. కుస్తీ ఎందుకు చూస్తానంటే, మల్లుడు గేటు దాటకముందే వాడి పాట మోగుతుంది, జనం లేచి నిలబడతారు. పెళ్లికూతురు హాల్లోకి వచ్చేటప్పుడు ఏం చెయ్యాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి నాకు కనిపించలేదు.

ఇక సీరియళ్లు. నవ్వుకోండి, ఫరవాలేదు. సాయంత్రం పద్మ, నేను సోఫాలో పక్కపక్కనే కూర్చుని చూస్తాం. అత్త కనుబొమ్మ ఎగరేస్తుంది, ముగ్గురి మొహాలు మూడేసిసార్లు చూపిస్తారు, ఎవరూ నోరు విప్పరు. ఆ నోరు విప్పని చోట చెప్పాల్సినదంతా చెప్పేది ఎవరు? నాలాంటి కీబోర్డు వాడే! మేము ఏళ్ల తరబడి చూస్తున్న సీరియల్ టైటిల్ పాట నా ఫోన్ రింగు. చర్చిలో ఒకసారి ప్రార్థన మధ్యలో అది మోగింది. పాస్టరు గారు కళ్లు తెరవకుండానే "ఆమెన్" అన్నారు, ఆ వెనకే ఆడవాళ్లంతా నవ్వారు.

వాన పడుతూనే ఉండే నిదానమైన మలయాళం సినిమాలు ఇష్టం. మా అమ్మ నల్లగొండ పల్లెలో పాడిన పాటలు ఇష్టం. చర్చిలో ముసలమ్మలు శ్రుతితో పని లేకుండా పాడే పాటలు మరీ ఇష్టం. ఇన్ని నచ్చాయి కదా అని నాకు పట్టింపులు లేవనుకోకండి. మంచి పాత పాట కింద దడదడమని బీటు కొట్టి కొత్తదని అమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ పాట పెట్టిన ఆటో ఎక్కాల్సి వస్తే దిగి నడుస్తాను.

పప్పులో ఉప్పు

మా ఆర్కెస్ట్రా యజమాని ప్రసాదరావు గారు. తెనాలి వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. మా ప్రధాన గాయకుడు కూడా ఆయనే. గొంతు విప్పితే ఒక్క స్వరం పక్కకు పోయేది కాదు. ఆయన దగ్గర పని నేర్చినవాడు ఎక్కడైనా బతుకుతాడు. నేను చేరిన కొత్తలో భోజనాల సమయంలో సౌండు పెంచితే దగ్గరకు వచ్చి చెవిలో అన్నారు: "చూడు సత్యం, వాళ్లు తింటున్నప్పుడు మన పాట పప్పులో ఉప్పులా ఉండాలయ్యా. ఉన్నట్టు తెలియకూడదు, లేకపోతే మాత్రం తెలియాలి."

ఇంత మంచి మాట చెప్పిన మనిషి చెవులకు ఒక తలుపు ఉండేది. ఆయన కుర్రతనంలో వచ్చిన సినిమా మెలొడీలు లోపల, మిగతా లోకమంతా బయట. పెళ్లివారు వచ్చి ఫర్మాయిష్ అడిగేవారు. మా వైపు జనం కోరుకున్న పాట చెప్పి పాడించుకోవడాన్ని అట్లాగే అంటారు. పల్లె పాట అడిగారంటే చాలు, ప్రసాదరావు గారు చిరునవ్వు నవ్వేవారు. "మనకో స్థాయి ఉందండీ. అలాంటివి కావాలంటే బయట డీజే వాళ్లుంటారు" అనేవారు. ఫర్మాయిష్ చెప్పినవాడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్లి పెరుగన్నం దగ్గర కూర్చునేవాడు.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. ఆయన టేస్టు తప్పు కాదు, దాన్ని పెళ్లివారి నెత్తిన పెట్టడం తప్పు. మన ఇష్టాలు మన సోఫాకు సరిపోతాయి. హాల్లో మన పని అవతలివాడి ఇష్టం వెతకడం. ఈ విషయంలో ఆయనా నేనూ చాలాసార్లు వాదించుకున్నాం. ఒక పెళ్లి తర్వాత మాత్రం ఆ వాదన మళ్లీ రాలేదు.

గేటు దగ్గర కుర్చీ

ఆ పెళ్లి నా శిష్యురాలు రూతుది. చిన్నప్పుడు శనివారాలు మా ఇంటికి వచ్చి కీబోర్డు నేర్చుకునేది. తర్వాత మలక్‌పేటలో ఒక దవాఖానలో నర్సు అయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైళ్లు రిపేరు చేసే నరేష్‌ను ఇష్టపడింది. రూతు వాళ్లు క్రైస్తవులు, నరేష్ వాళ్లు హిందువులు. రెండు ఇళ్లవాళ్లూ నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. ఎట్లాగో ఒప్పుకున్నారు. పొద్దున మీర్‌పేట్ చర్చిలో పెళ్లి, మధ్యాహ్నం ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో దండలు, విందు. గొడవ రాకుండా రెండు వైపులవాళ్లూ మాతో ఒక మాట అనుకున్నారు: విందులో ఏ దేవుడి పాటా వద్దు, ఉత్త సినిమా పాటలే. ప్రసాదరావు గారికి పండగే.

మధ్యాహ్నం అయ్యింది. పెళ్లికొడుకు స్టేజీ మీద నిలబడ్డాడు. దండ చేతిలో ఉంది, మెడలో వెయ్యడం లేదు. వాణ్ని తల్లి లేని పిల్లాడిగా పెంచింది నాయనమ్మ ఎల్లమ్మ. ఆవిడ పొద్దున చర్చికి రాలేదు. బంధువులు బతిమాలి హాలు దాకా తెచ్చారు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. లోపలికి రానంది. వెళ్లినవాళ్లంతా తిట్లు తిని వస్తున్నారు.

రూతు పెళ్లి చీరలోనే నా కీబోర్డు దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్లు నిండి ఉన్నాయి.

"సార్, నాయనమ్మ బస్సెక్కి ఊరికి పోతనంటున్నది. నరేషేమో ఆమె స్టేజీ ఎక్కకుంటె దండ ఎయ్యనంటున్నడు. ఇయ్యాల గిట్ల పోయిందంటె ఇగ జన్మల మా ఇంటి గడప తొక్కది సార్."

"నేనేం జెయ్యాలె బిడ్డా?"

"మీరు అందరితోని మాట్లాడుతరు గద. జర పోయి చూడున్రి సార్."

ప్రసాదరావు గారిని టీ విరామం అడిగాను. మజ్జిగ గ్లాసు ఒకటి పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లి, ఎల్లమ్మ పక్కన కుర్చీ లాక్కున్నాను.

"అవ్వా, జర మజ్జిగ తాగు. ఎండ గొడుతున్నది."

"నువ్వెవలు? గా డబ్బ వాయించెటోనివి గాదు?"

"అవునవ్వా."

"ఏం వాయిస్తున్నవ్ రా, అన్ని ఒక్కతీర్గనే ఉన్నయ్." మజ్జిగ మాత్రం తీసుకుంది. "పొద్దుగాల గాళ్ల గుడిల గాళ్ల పాటలు. ఈడికొస్తె సిన్మా పాటలు. పెండ్లి ఎవలిది? నా మన్మనిది. నా పాట ఏడున్నది? మా ఇంట్ల పెండ్లంటె మేం పాడాలె. ఒక్కరన్న అడిగిన్రా, అవ్వా నువ్వు పాడుతవా అని?"

ఇన్ని చర్చలు పెట్టుకున్న రెండు కుటుంబాలకూ ఆ ఒక్క ప్రశ్న తట్టలేదు.

"నేనడుగుతున్న. నీ ఫర్మాయిష్ చెప్పు. ఏం పాట?"

"నా పాట నీ డబ్బల యాడ దొరుకుతది? మేం నాట్లేసుకుంట పాడింది."

"ఏ మెట్టు మీద?"

ఆవిడ ఠక్కున నా వైపు తిరిగింది. మా పల్లెల్లో మెట్టు అంటే పాట బాణీ. మాటలు ఎవరికి వాళ్లు కట్టుకుంటారు, మెట్టు మాత్రం పాతదే ఉంటుంది. తెల్లటి ఇస్త్రీ బట్టలు వేసుకున్న ఒక డబ్బా వాయించేవాడి నోట ఆ మాట వస్తుందని ఆవిడ అనుకోలేదు. గొంతు సవరించుకుని, నాకు మాత్రమే వినబడేటట్టు పాడింది.

"మడిలోకి దిగిరావె మా వదినెమ్మా..."

ఆ మెట్టు నాకు తెలుసు! మీర్‌పేట్ చర్చిలో ఆడవాళ్ల కూడికకు నేను ఎన్నిసార్లు వాయించానో. రూతు అమ్మమ్మ మార్తమ్మ ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు అందుకునే పాట: "మదిలోకి దిగిరావె మా యేసయ్యా." ఒక్క అక్షరం, ఒక్క పేరు తేడా. తక్కినదంతా అదే నడక, అదే విరుపు. అక్కడ వరి మడి, ఇక్కడ మనసు.

ఎల్లమ్మకు ఆ సంగతి చెప్పలేదు. "నీ పాట వాయిస్తనవ్వా, ఈడనే కూసోని విను" అని లోపలికి వచ్చేశాను.

మడి, మది

ప్రసాదరావు గారు తర్వాతి మెలొడీకి మైకు అందుకుంటుంటే నేను ఆ మెట్టు ఎత్తుకున్నాను. బీటు లేదు, హార్మోనియం మోత ఒక్కటే. నా లెక్క ఏమిటంటే, మాటలు లేవు గనుక ఇది ఏ దేవుడి పాటా కాదు, అనుకున్న మాట తప్పినట్టు కాదు. ముసలావిడ తన మాటలు తాను వింటుంది, మెత్తబడుతుంది.

"ఏవిటయ్యా ఇది? ప్రోగ్రాంలో లేదే!" ప్రసాదరావు గారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి గద్దించారు.

"ఫర్మాయిష్ సార్" అన్నాను, చేతులు తియ్యకుండా.

ఇంతలో ముందు వరసలో మార్తమ్మ గారు లేచి నిలబడింది. నేను ఆ గొంతును లెక్కలోకి తీసుకోలేదు చూడండి! రెండు చేతులూ ఎత్తి, "మదిలోకి దిగిరావె మా యేసయ్యా" అని హాలు అదిరేలా అందుకుంది. చర్చి ఆడవాళ్లంతా అందుకున్నారు. నరేష్ వైపువాళ్లు గుర్రుగా చూశారు. ప్రసాదరావు గారు నుదురు పట్టుకున్నారు. రూతు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. గేటు వైపు చూస్తే ఎల్లమ్మ లేచింది. సంచి చంకన పెట్టుకుంది.

అప్పుడు ఆపాలా? దయ్యాల సినిమా ప్రకారం ఆపాలి. కానీ నేను ఆవిడ మొహం చూశాను. అది బస్సుకు వెళ్లే మొహం కాదు, కొట్లాటకు వచ్చే మొహం. ఇన్ని సీరియళ్లు ఊరికే చూశానా! ఇంకోసారి మెట్టు మొదటి నుంచి తిప్పాను.

ఎల్లమ్మ నడిమి దారిలో కుర్చీలను తోసుకుంటూ వచ్చింది. దడదడా స్టేజీ ఎక్కి ప్రసాదరావు గారి చేతిలో మైకు గుంజుకుంది.

"ఆపున్రి! మది గాదు, మడి! మడిలోకి దిగిరావె. గది మా పాట!"

మార్తమ్మ కింద నుంచే జవాబిచ్చింది. "మీదెట్లయితది? మా అమ్మ పాడింది, నేను పాడుతున్న."

"మీ అమ్మ ఏ ఊర్ది?"

"మూసీ కాలువ కింద, అవతలి ఒడ్డు."

"ఇవతలి ఒడ్డు మాది. మా మడిల్లకు నాట్లకొచ్చి పాట ఎత్తుకపోయిన్రన్నట్టు!"

"ఎత్తుకపోయినమా? ఓ యమ్మా! నడుములిరిగేటట్టు నాటేసి పాడింది మేము. ఒడ్డు మీద నిలవడి ఇన్నది మీరు. పాటెవలిది?"

మడిలో వంగేది కూలివాళ్లు, ఒడ్డు మీద నిలబడేది ఆసాములు. ఈ మాటకు అర్థం నల్లగొండ నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎల్లమ్మ మైకు వదలకుండానే రెండో చెయ్యి ముందుకు చాపింది.

"నేనేమన్న దొరసాన్నా ఒడ్డు మీద నిలవడెతందుకు? గివ్వి చూడు. నేను నాటెయ్యని మడున్నదా? గా పాట పాడకుంటె నడుం లేస్తుండెనా?"

మార్తమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని చూసింది, తన చెయ్యి పక్కన పెట్టింది. ఇద్దరి వేళ్లూ కణుపుల దగ్గర ఒకే తీరుగా వంకరపోయి ఉన్నాయి.

"అయితె రెండో సరణం చెప్పు చూద్దాం" అంది మార్తమ్మ.

ఎల్లమ్మ చెప్పింది. "మూడోది నీకొస్తదా?" అని అడిగింది. మార్తమ్మ చర్చి మాటలు పక్కన పెట్టి, వాళ్లమ్మ పాడిన అసలు మాటలు పాడింది. ఒకావిడ శ్రుతి కిందికి, ఇంకొకావిడది పైకి. నేను శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి ఇద్దరికీ మధ్యలో ఒక చోటు పట్టాను, ఇద్దరూ నన్నే తిట్టారు. ప్రసాదరావు గారు ఉండబట్టలేక, "అమ్మా, ఇది శాస్త్రం ప్రకారం చూస్తే..." అని రాగం పేరు చెప్పబోయారు. "నువ్వు జర ఊకో సారూ, నాలుగో సరణం యాదికి రావాలె" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఆయన నవ్వేశారు. కాసేపటికి ఆయనే పక్కన నిలబడి తాళం వేస్తూ వంత పాడారు. ఇంతకాలం ఆయన గొంతు విన్నాను గానీ, ఆయన అంత సంతోషంగా పాడటం అదే మొదలు.

ఈ గోలలో నరేష్ దండ వేసేశాడు. రూతు కూడా వేసింది. ఫొటోగ్రాఫరు కేక పెట్టేదాకా ఎల్లమ్మ చూసుకోలేదు, తాను స్టేజీ నడిమధ్యలో పెళ్లికూతురి పక్కనే నిలబడి ఉందని. చుట్టూ చూసింది, కాళ్ల కింద చూసింది, చివరికి నన్ను చూసింది.

"మెట్టు మెట్టని నన్ను మెట్లెక్కిచ్చినవ్ గద రా దొంగ సచ్చినోడా!" అంది. రూతు తల మీద చెయ్యి పెట్టి, సంచిలోంచి అక్షింతల పొట్లం తీసింది. పొద్దున్నే ఇంట్లో కలిపి తెచ్చుకుంది. అంటే వెయ్యాలనే వచ్చిందన్నమాట, మహాతల్లి. రూతు అప్పుడు ఏడ్చింది. నాకూ కళ్లు మసకేసి ఒకటి రెండు స్వరాలు పక్కకు పోయాయి, ఎవరూ పట్టించుకోలేదు.

చివరగా ఒక ఫోను

పిల్లలూ, ఇదీ సంగతి. ఏం వినాలో నన్ను అడగకండి. దేన్నీ వద్దనకండి, అంతే. చర్చికి వెళ్లకపోయి ఉంటే, మా అమ్మ పాటలను మరిచిపోయి ఉంటే, సీరియళ్లను వెక్కిరించి ఉంటే ఆ మధ్యాహ్నం నేను ఒక మంచి మెలొడీ వాయించి ఇంటికి వచ్చేవాణ్ని. ఆ ముసలావిడ బస్సెక్కేది.

మొన్న రూతు ఫోన్ చేసింది. ఇప్పుడు దానికి ఒక చంటి కొడుకు.

"సార్, మీరు గప్పుడు ఏం మంత్రమేసిన్రో గని, నాయనమ్మ మా ఇంటికొచ్చి కూసున్నది. పోతనే లేదు."

"పోతె మళ్ల రాదని ఏడ్చినవ్ గద!"

"గిప్పుడు అమ్మమ్మ గూడ ఒచ్చింది సార్. ఇద్దరు కలిసి పిల్లగాన్ని ఉయ్యాలల ఏస్తరు. ఒకామె మడి అంటది, ఒకామె మది అంటది. ఇగ కొట్లాట. వాడు కండ్లు ఇంతింత జేసుకొని ఇద్దరినీ చూస్తడు, పండడు."

"మరెట్ల పండుతడు?"

రూతు గొంతు తగ్గించింది.

"మీ ఫోన్ల మోగుతది చూడున్రి, గా సీరియల్ పాట. గది పెడితెనే పండుతడు సార్. ముసలోళ్లిద్దరు గూడ గప్పుడే సప్పుడు జెయ్యక కూసుంటరు."

పద్మ పక్కన కూర్చుని అంతా వింటోంది. "చూసిన్రా, నా సీరియల్!" అన్నట్టు కనుబొమ్మ ఎగరేసింది. నేను లేచి అటక వైపు చూశాను. పిల్లవాడికి కూర్చోవడం రాగానే వచ్చి కీబోర్డు తీసుకెళ్లమని రూతుతో చెప్పాను.